పదకొండు పగళ్ళు, పది పడకలు

(విశాఖపట్నంలోని ఒక ఉదయపు నడక బృందం నెలవారీ సమావేశంలో విశ్రాంత గణిత అధ్యాపకురాలు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యి ఎత్తండి. ముప్పై ఏళ్ళు తరగతి గదుల్లో అరిచిన గొంతు కాబట్టి మైకు మొరాయించినా ఇబ్బంది లేదు.

ముందు ఒక ప్రశ్న. సింహాచలం గిరి ప్రదక్షిణ చేసినవాళ్ళు ఎంతమంది ఉన్నారిక్కడ? చూశారా, చేతులు ఎత్తనివాళ్ళను లెక్కపెట్టడమే సులువు. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు తిరిగి, తెల్లారేసరికి కాళ్ళు పట్టుకుని కూర్చున్నవాళ్ళకు నేను చెప్పబోయే నడక సంగతి సగం తెలిసినట్టే. అది కూడా గిరి ప్రదక్షిణే. కొండ పేరు మాంట్ బ్లాంక్. ఫ్రెంచివాళ్ళు ముక్కుతో 'మోఁ బ్లాఁ' అంటారు. మన మాటల్లో తెల్లకొండ. ఆల్ప్స్ పర్వతాల్లో అన్నిటికన్నా ఎత్తయినది, 4,800 మీటర్ల పైచిలుకు. మనం దాన్ని ఎక్కం, చుట్టూ తిరుగుతాం. చుట్టుకొలత సుమారు 170 కిలోమీటర్లు, అంటే ఐదు సింహాచలం ప్రదక్షిణలకు పైమాటే. మధ్యలో మూడు దేశాలు దాటుతాం: ఫ్రాన్సు, ఇటలీ, స్విట్జర్లాండు, మళ్ళీ ఫ్రాన్సు. సరిహద్దు దగ్గర సిపాయి ఉండడు, గేటు ఉండదు. ఒక రాయి ఉంటుంది, గాలి ఉంటుంది.

ఒక చిన్న చిక్కు ఉంది. అక్కడ ఎక్కువమంది గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతారు. అంటే కొండ ఎప్పుడూ ఎడమ చేతి వైపు ఉంటుంది. మన లెక్కలో అది అప్రదక్షిణం. (నవ్వులు) మా చెల్లెలు ఈ మాట విని చాలా బాధపడింది. కావాలంటే సవ్య దిశలో కూడా నడవవచ్చు, అదీ తప్పేమీ కాదు. కానీ అలా నడిస్తే ఎదురుగా వచ్చే ప్రతివాళ్ళకూ దారి ఇస్తూ, 'బోంజూర్' చెబుతూ రోజంతా గడుస్తుంది. నేను పాపానికి సిద్ధపడి అందరితో పాటే వెళ్ళాను.

ఈ ప్రదక్షిణ మొదట ఎవరు చేశారంటే కొండల్లో గొర్రెలు కాసుకునేవాళ్ళు ఎప్పటినుంచో తిరుగుతూనే ఉండి ఉంటారు. పేరు నిలిచింది మాత్రం జెనీవాకు చెందిన శాస్త్రవేత్త ఒరాస్ బెనెడిక్ట్ ద సోస్యూర్ గారిది. ఆయన 1767లో ఈ కొండ చుట్టూ తిరిగాడు. అంతకుముందే, 1760లో, శిఖరానికి దారి కనిపెట్టినవాళ్ళకు బహుమతి ఇస్తానని ప్రకటించాడు. ఆ బహుమతి తేలడానికి ఇరవై ఆరేళ్ళు పట్టింది. 1786 ఆగస్టు 8న షామొనీ ఊరి వైద్యుడు పక్కార్, స్ఫటికాలు ఏరుకుని అమ్ముకునే బాల్మా శిఖరం మీద నిలబడ్డారు. 1808లో అదే ఊరి మరీ పరాది అనే పనిమనిషి ఎక్కింది. ఆవిడే అక్కడ కాలుపెట్టిన మొదటి స్త్రీ. ఈ సంగతి నేను మా చెల్లెలి కూతురికి దారిలో మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి మొదలుపెడితే 'పెద్దమ్మా, ఊపిరి దాచుకో, పైకి ఎక్కుతున్నాం' అంది.

ఇక అసలు విషయం. ఇలాంటి నడకకు ప్రణాళిక వేసుకోవడం అనగానే అందరూ పటం తెరుస్తారు. నేనూ 2019లో అదే చేశాను. పటం మీద వేలు పెట్టి, ఇక్కడి నుంచి ఇక్కడికి ఇన్ని కిలోమీటర్లు, రోజుకు ఇన్ని అని భాగించాను. లెక్కల మనిషిని కదా, భాగహారం చక్కగా వచ్చింది. నడక మాత్రం ఐదో రోజునే ఆగిపోయింది. ఆ కథ చెబుతాను. దానికి ముందు ఒక పాత మాట గుర్తుచేయాలి.

మన పెద్దవాళ్ళు కాశీ వెళ్ళినప్పుడు కిలోమీటర్లు లెక్కపెట్టలేదు, మజిలీలు లెక్కపెట్టారు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు పదిహేను నెలలకు పైగా తిరిగి వచ్చారు. దారి పొడుగునా ఆయన రాసుకున్నది ఏమిటి? ఏ మజిలీ, అక్కడ సత్రం ఉందా, నీళ్ళు ఎలాంటివి, సరుకులు దొరుకుతాయా, తరువాతి ఊరు ఎంత దూరం. నడకదారి మీద నడిచేవాడికి కావలసిన లెక్క అదే. పగలు ఎంత నడుస్తామన్నది రాత్రి ఎక్కడ పడుకుంటామన్న దానిమీద ఆధారపడి ఉంటుంది. మనం తిరగేసి ఆలోచిస్తాం.

మాంట్ బ్లాంక్ దారిలో సత్రాలు ఉన్నాయి. ఫ్రెంచిలో 'రెఫ్యూజ్' అంటారు, ఇటలీ వైపు 'రిఫుజియో'. అర్థం శరణాలయం. ఈ రాతి కట్టడాల వెనక పాత సంప్రదాయమే ఉంది. అక్కడికి దగ్గరలోనే గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ దగ్గర పదకొండో శతాబ్దం నుంచీ మఠం వాళ్ళు బాటసారులకు ఆశ్రయం ఇస్తూ వచ్చారు. ఇప్పుడు మనం దిగే సత్రాలు ఉచితం కాదనుకోండి. కానీ పద్ధతి సత్రం పద్ధతే. ఒకే పెద్ద గదిలో పది మందికో ఇరవై మందికో పడకలు, ఒకే వేళకు భోజనం, అందరికీ ఒకటే వంట, రాత్రి పదికి దీపాలు ఆపేస్తారు. రాత్రి భోజనం, పడక, పొద్దుటి ఫలహారం కలిపి ఒకే ధర. మీరు గుడారం మోయనవసరం లేదు, పొయ్యి మోయనవసరం లేదు, దుప్పట్లు కూడా వాళ్ళే ఇస్తారు. అందుకే అరవైకి దగ్గరపడిన నేను ఏడు కిలోల సంచితో వెళ్ళగలిగాను. బరువు తగ్గించినందుకు సత్రం మన దగ్గర పుచ్చుకునేది ఒకటుంది, స్వేచ్ఛ. గుడారం ఉన్నవాడు అలసిపోతే ఎక్కడో ఒకచోట సర్దుకుంటాడు. మనం మాత్రం ఆ రాత్రికి మన పేరున్న పడకను చేరి తీరాలి.

దారి మామూలుగా పదకొండు రోజులు. లెజూష్ అనే ఊళ్ళో మొదలు. అక్కడి నుంచి మజిలీలు ఇలా వస్తాయి: లె కోంతమీన్, లె షాప్యూ, ఎలిసబెత్తా, కుర్మయోర్, బొనాత్తి, లా ఫూలీ, షాంపే, త్రియాఁ, త్రె ల షాఁ, లా ఫ్లెజేర్, మళ్ళీ లెజూష్. పదకొండు పగళ్ళు, మధ్యలో పది రాత్రులు. మొత్తం మీద ఎక్కేది సుమారు 10,000 మీటర్లు, దిగేదీ అంతే. రోజుకు తొమ్మిది వందల పైన. ఈ అంకె ఎవరికీ బుర్రకు ఎక్కదు, అందుకని మన కొలత చెబుతాను. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దాకా దారి, ఎక్కే ఎత్తు ఏడెనిమిది వందల మీటర్లు. కాబట్టి పదకొండు రోజుల పాటు రోజూ తిరుమల కొండ ఎక్కి, రోజూ కాలినడకనే దిగినట్టు. పైగా గోవిందనామాలు వినిపించవు, దారిలో మజ్జిగ అమ్మేవాళ్ళు ఉండరు, పైన దేవుడి దర్శనం లేదు. ఆవుల మెడలో గంటలు మాత్రం వినిపిస్తాయి. ఒక్కొక్క గంట మా ఇంటి బిందెంత ఉంటుంది.

ఎత్తు గురించి భయపడకండి. ప్రధాన దారిలో ఎత్తయిన చోటు గ్రాండ్ కోల్ ఫెరే, 2,537 మీటర్లు. మన ఆంధ్రలో ఎత్తయిన కొండల్లో ఒకటైన అర్మ కొండ 1,680 మీటర్లు కాబట్టి అక్కడ మనం నిద్రపోయే కొన్ని సత్రాలే అర్మ కొండ కంటే పైన ఉంటాయి. ఎలిసబెత్తా 2,195, బొనాత్తి 2,025. అయినా హిమాలయాల్లోలాగా ఎత్తుకు తల తిరిగి మంచాన పడే దశ సాధారణంగా రాదు. అక్కడ మనల్ని పడగొట్టేవి రెండే, మోకాళ్ళూ మధ్యాహ్నపు ఉరుములూ.

ఇప్పుడు 2019 కథ. ఏప్రిల్‌లో కూర్చుని జూలైకి పడకలు వెతికాను. అప్పటికి ఆలస్యమైంది. ఆ సత్రాలకు బుకింగులు ముందటి చలికాలంలోనే మొదలవుతాయి, జూలై ఆగస్టు తేదీలు చకచకా నిండిపోతాయి. మిగతావన్నీ దొరికాయి కానీ మూడో రాత్రికి, కనుమ దాటాక ఉండే సత్రంలో, పడక లేదు. ఏముందిలే, రెండు రోజుల నడక ఒకే రోజులో ముగించి కుర్మయోర్ ఊరికి దిగిపోదాం అనుకున్నాను. పటం మీద అది జానెడు దూరం.

నడక వేళను అంచనా కట్టడానికి ఒక పాత సూత్రం ఉంది. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పాడు. గంటకు ఐదు కిలోమీటర్లు, పైకి ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరొక గంట కలపండి. లె షాప్యూ నుంచి సెన్యు కనుమ మీదుగా ఎలిసబెత్తాకు సుమారు 15 కిలోమీటర్లు, వెయ్యి మీటర్ల ఎక్కుడు. మూడు గంటలు, దానికి తోడు గంటా నలభై నిమిషాలు, మొత్తం నాలుగు గంటల నలభై. అక్కడి నుంచి కుర్మయోర్‌కు ఇంకో 18 కిలోమీటర్లు, సుమారు 460 మీటర్ల ఎక్కుడు, 1,400 మీటర్ల పైన దిగుడు. మరో నాలుగున్నర గంటల దాకా. కలిపితే తొమ్మిది గంటలు దాటింది. బాగానే ఉందే అనుకోకండి. నైస్మిత్ గారి లెక్క స్కాట్లాండ్ కుర్రవాళ్ళకు. ఆగడం, తినడం, ఫొటో తీయడం, చెప్పులో రాయి తీయడం అందులో లేవు. నాలాంటి వాళ్ళకు దాన్ని ఒకటిన్నరతో గుణించాలి. అంటే దాదాపు పద్నాలుగు గంటలు. ఈ గుణకారం నేను ఎప్పుడు చేశాను? మధ్యాహ్నం నాలుగింటికి, కనుమ అవతల లోయలో, వాపెక్కిన మోకాలు వాగు నీళ్ళలో పెట్టుకుని కూర్చుని చేశాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్క తప్పితే బెంచీ ఎక్కించిన మనిషిని! (నవ్వులు) ఆ బండ మీద కూర్చుంటే బెంచీ ఎక్కినట్టే ఉంది.

ఆ లోయలో కాస్త కిందికి నడిస్తే లా విసాయ్ దగ్గర నుంచి కుర్మయోర్‌కు వేసవిలో బస్సు ఉంటుంది. అది మాకు ముందే తెలిసి కాదు, దారిన పోయే ఒక ఇటలీ తాతగారు చేత్తో స్టీరింగు తిప్పి చూపిస్తే తెలిసింది. కుర్మయోర్‌లో పడ్డాం, మర్నాడు లేవలేకపోయాను. ఆ మర్నాటి రాత్రికి పైన ఇంకో సత్రంలో మాకు పడకలు ఉన్నాయి. వెళ్ళలేదు, వెళ్ళడం లేదని చెప్పనూ లేదు. డబ్బు కట్టేశాం కదా, పోతే మన డబ్బే కదా అనుకున్నాను. రాత్రి ఎనిమిదింటికి ఫోను మోగింది. సత్రం ఆవిడ. 'ఎక్కడున్నారు? మీ ఇద్దరి కోసం చూస్తున్నాం' అని అడిగింది. కోపంగా కాదు, భయంగా. కొండ మీద భోజనం వేళకు ఇద్దరు రాలేదంటే వాళ్ళకు అది ఖాళీ మంచం కాదు, దారి తప్పిన ఇద్దరు మనుషులు. ఫోను తీయకపోతే రక్షణ దళానికి కబురు పెట్టేవాళ్ళు. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. మీరు ఈ ప్రసంగంలో ఇంకేమి మరచిపోయినా, రాలేకపోతే ఫోను చేయాలన్నది మాత్రం మరచిపోకండి.

2023లో మళ్ళీ వెళ్ళాం, ఈసారి పడకల నుంచి మొదలుపెట్టి. ముందటి ఏడాది కార్తీక మాసంలోనే కాగితం తీశాను. నిలువు గీత గీసి ఒకవైపు పది రాత్రులు, రెండోవైపు ఆ మజిలీ నుంచి రోడ్డు మీదికి దిగే దారి ఉందా లేదా అని రాశాను. ఈ రెండో గడి లేని ప్రణాళిక ప్రణాళిక కాదు. కోంతమీన్‌కు బస్సు ఉంది. షాప్యూకి వేసవిలో బూర్ సెయింట్ మోరిస్ నుంచి బండి వస్తుంది. బొనాత్తి దగ్గర కిందికి దిగితే ఫెరే లోయలో కుర్మయోర్ బస్సు దొరుకుతుంది. ఫూలీ, షాంపే, త్రియాఁ, మూడింటికీ స్విస్ బస్సులు ఉన్నాయి. త్రె ల షాఁ నుంచి ఆర్జెంతియేర్‌కు దిగితే రైలు. ఇలా రాసి చూసుకుంటే ఎక్కడ ధైర్యంగా ఉండాలో, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో తెలిసిపోతుంది. షాప్యూ నుంచి ఎలిసబెత్తా దాకా ఉన్న రోజే చిక్కు రోజు. కాబట్టి అక్కడి పడక ముందు పట్టుకోవాలి, మిగతా తొమ్మిదింటినీ దాని చుట్టూ అమర్చుకోవాలి. పెళ్ళిలో ముందు కల్యాణ మండపం దొరికే తేదీ చూసి తరువాత ముహూర్తం పెట్టించుకునేవాళ్ళు మనలో ఎంతమంది లేరు! అదే పద్ధతి.

కాలం విషయం. సత్రాలు జూన్ మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా తెరిచి ఉంటాయి. జూన్‌లో కనుమల మీద మంచు మిగిలి ఉంటుంది, బాన్ ఒమ్ కనుమ దగ్గర మరీ ఎక్కువ. జూలై, ఆగస్టు రద్దీ. ఆగస్టు చివరి వారంలో ఇదే దారి మీద పరుగు పందెం జరుగుతుంది, 2003లో మొదలైంది. 2022లో కిలియన్ జోర్నెట్ అనే ఆయన మనం పదకొండు రోజులు నడిచే ఈ చుట్టును ఇరవై గంటల లోపే పరుగెత్తి ముగించాడు. ఆయన సంగతి ఆయనది. ఆ వారంలో షామొనీ చుట్టుపక్కల పడక దొరకదు, అంతవరకు మనకు చాలు. నేను సెప్టెంబరు మొదటి వారం ఎంచుకున్నాను. పొద్దు త్వరగా గుంకుతుంది, పొద్దున్నే వేళ్ళు కొంకర్లు పోతాయి, కానీ దారి మీద జనం పలచబడతారు.

వీసా దగ్గర ఈ పడకల లెక్క మళ్ళీ అక్కరకొస్తుంది. మూడు దేశాలకూ కలిపి షెంగెన్ వీసా ఒక్కటే చాలు, కానీ ఏ దేశం దగ్గర అడగాలి? ఎక్కువ రాత్రులు ఎక్కడ గడుపుతామో ఆ దేశం దగ్గర. సమానంగా వస్తే ముందు అడుగుపెట్టే దేశం. మా పది రాత్రుల్లో ఫ్రాన్సులో నాలుగు, ఇటలీలో మూడు, స్విట్జర్లాండులో మూడు. ముందొక రాత్రి, వెనకొక రాత్రి లెజూష్‌లోనే కాబట్టి ఫ్రాన్సుకు ఆరు. విమానం దిగేది స్విట్జర్లాండులోని జెనీవాలో అయినా ఫ్రాన్సు వీసాయే సరైనది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. వసతి రుజువులు అడుగుతారు. నేను సత్రాల కాగితాలన్నీ కుట్టి ఒక కట్ట ఇస్తే కౌంటరులోని అమ్మాయి తిరగేసి, 'ఇన్ని హోటళ్ళా మేడం, రోజుకొకటా?' అంది. 'నడుస్తాం తల్లీ' అన్నాను. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి, అది నిబంధన. కానీ ఆ బీమా పత్రంలో చిన్న అక్షరాలు చదవండి. కొండ మీద నుంచి హెలికాప్టరులో దించితే ఆ ఖర్చు ఇస్తారా లేదా అన్నది అక్కడ ఉంటుంది. స్విట్జర్లాండులో ఆ బిల్లు మనమే కట్టాలి, అది చూస్తే ఉన్న నొప్పి మరచిపోతాం.

తిండి సంగతి అడగడానికి మీరందరూ ఎదురుచూస్తున్నారని తెలుసు. శాకాహారులమని బుకింగ్ చేసేటప్పుడే చెప్పాలి. అక్కడికి వెళ్ళి చెబితే, పాపం, వాళ్ళు మాత్రం ఏమి చేస్తారు? ఆ సరుకులు హెలికాప్టరు మీదో కంచరగాడిద మీదో వచ్చినవి. చెబితే మాత్రం శ్రద్ధగా పెడతారు. సూపు, ఇటలీ వైపు మొక్కజొన్న రవ్వతో పొలెంటా, మనవాళ్ళకు ఉప్మాకు మేనత్త కొడుకులాగా ఉంటుంది, ఫ్రాన్సు వైపు పప్పుధాన్యాలు, ఆమ్లెట్టు, జున్ను. కారం ఉండదు. మూడో రోజుకు నాలుక అలుగుతుంది. నేను కరివేపాకు పొడి, కందిపొడి చిన్న పొట్లాలుగా కట్టుకున్నాను. నెయ్యి మాత్రం తీసుకెళ్ళకండి. ఐరోపాలోకి బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేకూడదన్నది నియమం. కోడి పచ్చడి సీసా కూడా అంతే, విమానాశ్రయంలోనే దానికి నీళ్ళు వదులుకోవాలి. ఒక రాత్రి బల్ల మీద నేను కందిపొడి పొట్లం విప్పితే ఎదురుగా కూర్చున్న డచ్చి దంపతులు ఆసక్తిగా చూశారు. కొంచెం ఇచ్చాను. ఆయన సూపులో కలుపుకున్నాడు. ఆవిడ రెండోసారి అడిగింది. మర్నాడు కనుమ మీద మేము ఎగశ్వాసతో వస్తుంటే పైనుంచి 'పొడి! పొడి!' అని ఎవరో అరిచారు. మా పేర్లు వాళ్ళకు గుర్తులేవు.

తాగునీళ్ళకు ఊళ్ళలో రాతి తొట్లు ఉంటాయి. 'నాన్ పొటాబుల్' అని రాసి ఉంటే తాగకూడదు. మధ్యాహ్నానికి కావలసిన రొట్టె పొట్లం ముందు రాత్రే సత్రంలో చెప్పి పెట్టించుకోవచ్చు. నగదు దగ్గర ఉంచుకోండి. కొన్ని చోట్ల కార్డు యంత్రం ఉన్నా సిగ్నలు ఉండదు. స్విట్జర్లాండులో యూరోలు కాదు, ఫ్రాంకులు.

సత్రం మర్యాదలు మన ఇంటి మర్యాదల్లాంటివే కాబట్టి మనకు కష్టం కాదు. బూట్లు గుమ్మం దగ్గరే విడవాలి. వాళ్ళే రబ్బరు చెప్పులు ఇస్తారు, కుడిది 38, ఎడమది 41 దొరికినా సర్దుకోవాలి. కంబళ్ళు ఇస్తారు కానీ వాటి లోపల పరుచుకోవడానికి పట్టుదో నూలుదో ఒక పలుచని దుప్పటి సంచి మనమే తీసుకెళ్ళాలి, అది తప్పనిసరి. పాత చీరతో దిండు గలీబుల్లా మా చెల్లెలు రెండు కుట్టి ఇచ్చింది, 200 గ్రాములు కూడా లేవు. వేడినీళ్ళకు చాలాచోట్ల బిళ్ళ కొనాలి. బిళ్ళకు కొన్ని నిమిషాలే నీళ్ళు వస్తాయి. తలంటు కార్యక్రమాలు పెట్టుకోకండి. ఫోను చార్జింగుకు పది మందికి ఒక ప్లగ్గు ఉంటే గొప్ప, పవర్ బ్యాంకు తెచ్చుకోండి. అన్నిటికంటే ముఖ్యం, సంచి ముందు రాత్రే సర్దుకోండి. తెల్లవారుజామున ఐదింటికి ప్లాస్టిక్ సంచులు బరబరలాడించేవాడు ఆ గదిలో అందరి శాపాలూ మూటగట్టుకుంటాడు.

సత్రం నడిపేవాళ్ళతో రాత్రి భోజనం తరువాత ఒక్క ఐదు నిమిషాలు మాట్లాడండి. రేపు వాతావరణం ఎలా ఉంటుంది, దారిలో ఎక్కడైనా వంతెన పోయిందా, మంచు ఉందా అని. ఏ యాప్ కన్నా వాళ్ళ మాట నమ్మదగినది. వేసవిలో ఉరుములు ఎక్కువగా మధ్యాహ్నం దాటాక వస్తాయి. అందుకని ఏడింటికి బయలుదేరి, మధ్యాహ్నం రెండు మూడు గంటలకు సత్రం చేరిపోవాలి. కనుమ మీద ఉండగా ఉరిమితే అది ఫొటోలు తీసే సమయం కాదు. బొనాత్తి దగ్గర మాకు అలాగే జరిగింది. వాల్టర్ బొనాత్తి అనే గొప్ప ఇటలీ పర్వతారోహకుడి పేరు పెట్టిన సత్రం అది. మేము లోపలికి అడుగుపెట్టిన అరగంటకు ఎదురుగా ఉన్న గ్రాండ్ జొరాస్ గోడంతా నల్లబడిపోయి, కిటికీ అద్దాలు అదిరాయి. ఆ తరువాత వచ్చినవాళ్ళు తడిసి ముద్దై, పళ్ళు టకటకలాడుతూ వచ్చారు. పొయ్యి చుట్టూ ఆరేసిన సాక్సులు చూస్తే ధోబీఘాట్ గుర్తొచ్చింది. ఒక గంట తరువాత మబ్బు విడిపోయి, ఆ 4,208 మీటర్ల కొండ మీద కొత్త మంచు గులాబీ రంగులో వెలిగింది. భోజనాల గదిలో ఇరవై ముప్పై మంది ఉన్నారు, ఒక్కసారిగా ఎవరూ మాట్లాడలేదు. సూపు చల్లారిపోయింది.

ఆపద వస్తే 112. స్విట్జర్లాండులో ఈ దారి ఉన్న వాలే ప్రాంతంలో రక్షణ దళానికి 144. ఫోను పనిచేయకపోతే ఈలో, లైటో వాడాలి. నిమిషానికి ఆరుసార్లు, ఒక నిమిషం ఆగి మళ్ళీ ఆరుసార్లు. అవతలి నుంచి నిమిషానికి మూడుసార్లు వచ్చిందంటే మీ పిలుపు అందింది. ఈల కొనండి, యాభై రూపాయలు.

పదో రోజు ఇనుప నిచ్చెనలు వస్తాయి, ఆర్జెంతియేర్ సూది కొండ పక్కన. భయం ఉన్నవాళ్ళకు మోంతే కనుమ మీదుగా వేరే దారి ఉంది. నేను నిచ్చెనలు చూసి వేరే దారి పట్టాను. మా చెల్లెలి కూతురు ఎక్కింది. లాక్ బ్లాఁ సరస్సు వైపు దారులు కలిసే చోట నా కోసం గంట సేపు కూర్చుంది. వెళ్ళేసరికి 'ఎలా ఉంది పెద్దమ్మా నీ దారి?' అంది. 'పక్కనే రోడ్డు మీద కార్లు కనిపించాయి' అన్నాను. ఇంతకంటే దాని గురించి చెప్పేదేమీ లేదు.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక శ్రోత: మేడం, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు వెళ్ళవచ్చా?)

డాక్టరు గారిని అడగాల్సిన ప్రశ్న నన్ను అడుగుతున్నారు. నా మోకాలి సంగతి చెబుతాను. నన్ను దెబ్బతీసింది ఎక్కుడు కాదు, దిగుడు. తిరుమల దారిలో మోకాళ్ళ పర్వతం ఎక్కేటప్పుడు అందరూ మోకాలు పట్టుకుంటారు, దిగేటప్పుడు పరుగెత్తుతారు. అదే పొరపాటు. 2023కి ముందు ఎనిమిది నెలలు నేను దిగడమే సాధన చేశాను, రెండు చేతికర్రలతో, చిన్న అడుగులతో. కర్ర పట్టుకుంటే ముసలితనం అనుకునేవాళ్ళు అక్కడ పాతికేళ్ళ పిల్లల చేతుల్లో కర్రలు చూడాలి.

(మరొక శ్రోత: గురక పెట్టేవాళ్ళ సంగతి?)

చెవుల్లో పెట్టుకునే స్పాంజి బిరడాలు, రెండు జతలు. ఒక జత మీకు. రెండోది మీరే గురక పెట్టేవారైతే పక్క పడక మనిషికి. మా ఆయన రాలేదు కాబట్టి నేను రెండో జత అలాగే తిరిగి తెచ్చేశాను. (నవ్వులు)

(మరొక శ్రోత: ఎంత ఖర్చవుతుంది?)

సత్రాలు రాత్రికి 70 యూరోలకు అటూ ఇటూ పడ్డాయి మాకు, స్విట్జర్లాండులో ఇంకా ఎక్కువ. విమానం టికెట్టు వేరే. తక్కువేమీ కాదు. మా చెల్లెలు 'ఆ డబ్బుతో రెండు కాసుల బంగారం వచ్చేది' అని ఇప్పటికీ అంటుంది. నా దగ్గర దానికి జవాబు లేదు.

సమయం అయిపోయిందని కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. ఒక్క ప్రకటన చేసి ఆపేస్తాను. వచ్చే ఏడాదికి పేర్లు ఇచ్చిన ఎనిమిది మందికీ ఈ ఆదివారం ఉదయం ఐదున్నరకు తొలిపావంచా దగ్గర సాధన మొదలు. వేసుకెళ్ళబోయే బూట్లే వేసుకుని రండి, కొత్తవి పెట్టెలో దాచుకోకండి. సంచిలో ఆరు కిలోల బియ్యం పెట్టుకుని రండి. రెండుసార్లు ఎక్కి రెండుసార్లు దిగుతాం. బియ్యం పైన ఎవరికైనా దానం చేసి ఖాళీ సంచితో దిగుదామని చూసేవాళ్ళు ఉంటారు, గత నెలలో ఒకరు చేశారు. పుణ్యం మంచిదే, కానీ దిగేటప్పుడు బరువు ఉండాలి. దానం కిందికి వచ్చాక చేసుకోండి.